పీ0411 కోడ్ వస్తే: సెకండరీ ఎయిర్ పంపు మార్చే ముందు చేయవలసిన పనులు

చెక్ ఇంజన్ దీపం ఏడాదిలో ఎప్పుడైనా వెలగవచ్చు. నాకు తెలిసినవాళ్లకు మాత్రం అది సరిగ్గా పొగ పరీక్షకు పది రోజుల ముందే వెలుగుతుంది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు. కానీ డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. రెండేళ్లు మొదలు ఇరవై నాలుగేళ్ల వయసు వరకు ఉన్న పెట్రోలు కార్లు అందులో నెగ్గాలి. దీపం వెలుగుతున్న కారు నెగ్గదు. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు తక్కువ ధరకు దొరికాయని కొనుక్కునే పాత జర్మన్ కార్లలో, ఈ దీపం వెనక తరచుగా కనిపించే కోడ్ పీ0411. సెకండరీ ఎయిర్ వ్యవస్థలో గాలి సరిగా పారడం లేదని దాని అర్థం.

ఆ కోడ్‌లో పంపు అనే మాటే లేదు. అయినా చాలామంది వెంటనే కొనేది పంపునే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, వాల్వు చేసిన తప్పుకు పంపును శిక్షిస్తారు. కొన్ని నెలలకు కొత్త పంపు కూడా పోతుంది.

ఇది ఎందుకు ఉంది?

కట్టెల పొయ్యి చూసినవాళ్లకు ఈ వ్యవస్థను వివరించడం తేలిక. పచ్చి కట్టె పెడితే వంటిల్లంతా పొగ. అమ్మమ్మ ఊదుగొట్టం తీసుకుని రెండుసార్లు ఊదితే ఆ పొగే భగ్గున మంటై అంటుకునేది. కాలడానికి గాలి చాలని ఇంధనమే ఆ పొగ. చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడు కంప్యూటర్ పెట్రోలు కాస్త ఎక్కువగా పోస్తుంది. అందులో కొంత పూర్తిగా కాలక హైడ్రోకార్బన్లుగా, కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి వస్తుంది. దాన్ని శుద్ధి చేయవలసిన క్యాటలిటిక్ కన్వర్టర్ 250, 300 డిగ్రీల సెల్సియస్ దాకా కాగితే గానీ పని మొదలుపెట్టదు. ఆ నిమిషం, నిమిషంన్నర పాటు ఒక విద్యుత్ పంపు ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గరికి బయటి గాలిని ఊదుతుంది. మిగిలిన ఇంధనం అక్కడే కాలిపోతుంది. ఆ వేడికి కన్వర్టర్ కూడా త్వరగా కాగుతుంది. తర్వాత పంపు ఆగిపోతుంది.

ఈ ఆలోచన పాతదే. 1966 మోడల్ కాలిఫోర్నియా కార్లలోనే బెల్టుతో తిరిగే గాలి పంపులు వచ్చాయి. జనరల్ మోటార్స్ దాన్ని ఎయిర్ ఇంజెక్షన్ రియాక్టర్ అంది, ఫోర్డ్ థర్మాక్టర్ అంది. మన దేశంలో చాలా మోటార్ సైకిళ్లలోనూ ఇదే సూత్రం ఉంది కానీ పంపు ఉండదు. ఎగ్జాస్ట్‌లో పీడనం తగ్గిన ప్రతిసారీ ఒక రీడ్ వాల్వు గుండా గాలి తనంతట తానే లోపలికి వస్తుంది.

నేను ఇక్కడ చెప్పేది 2000 తర్వాతి ఏళ్లలో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్, ఆడి 1.8 లీటర్ల టర్బో ఇంజన్ల అమరిక గురించి. అందులో పంపు ఒకటి, దాని నుంచి వెళ్లే ముడతల గొట్టం ఒకటి, ఆ గొట్టం చివర ఇంజన్‌కు బిగించిన కాంబి వాల్వు ఒకటి ఉంటాయి. ఆ వాల్వు వాక్యూమ్‌తో, అంటే ఇంజన్ గాలిని పీల్చే లాగుడుతో తెరుచుకుంటుంది. వాక్యూమ్‌ను ఎప్పుడు పంపాలో ఒక చిన్న సోలెనాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు, చూసుకుంటుంది. పంపుకు కరెంటు ఇచ్చే స్విచ్చు లాంటి సొంత రిలే, పెద్ద ఫ్యూజు ఉంటాయి. మీది టయోటా టండ్రా లాంటిదైతే వాల్వులే విద్యుత్తుతో పనిచేస్తాయి కాబట్టి వాక్యూమ్ గురించి చెప్పినవి వర్తించవు. అందులో వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోతే పీ2440, పీ2442 కోడ్లు వస్తాయి. కంప్యూటర్ ఇంజన్ శక్తిని కూడా తగ్గించేస్తుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

కోడ్ చదవడమే కాకుండా ఆక్సిజన్ సెన్సర్ విలువలను కూడా చూపించగల స్కానర్, మల్టీమీటర్, చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు, 10 మిల్లీమీటర్ల సాకెట్, అలెన్ కీలు, టార్క్స్ బిట్లు, పొడవాటి ఎక్స్‌టెన్షన్, తుప్పు వదిలించే నూనె, రెండు మీటర్ల కొత్త వాక్యూమ్ గొట్టం. చేతి వాక్యూమ్ పంపు కొనకుండా పని కానిద్దామని అనిపిస్తుంది. అలా చేయకండి. ఈ పనిలో ఊహకూ నిర్ధారణకూ తేడా చూపించేది అదే. విడిభాగాలు అమ్మే దుకాణాల్లో కొన్ని దాన్ని అరువుగా కూడా ఇస్తాయి.

ఇంజన్ నడుపుతూ చేసే పరీక్షలన్నీ ఆరుబయటే చేయండి. కొన్నిసార్లు ఎగ్జాస్ట్ వాయువు నేరుగా బానెట్టు కిందికే వస్తుంది. తలుపు మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. తలుపు సగం తెరిచి పెట్టామన్నది జాగ్రత్త కిందికి రాదు.

మొదటి పని: చెరపకండి, వినండి

కోడ్ కనిపించగానే చెరిపేయాలనిపిస్తుంది. ఆగండి. దానితో పాటు ఇంకేం కోడ్లున్నాయో రాసుకోండి. పీ0412 ఉంటే సోలెనాయిడ్ విద్యుత్ సర్క్యూట్ వైపు, పీ0418 ఉంటే పంపు రిలే వైపు చూడాలి. పీ0411 ఒక్కటే ఉంటే గాలి దారిలో ఎక్కడైనా లోపం ఉండవచ్చు.

కారును రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున్నే బానెట్టు ఎత్తి, ఇంకొకరిని స్టార్ట్ చేయమని, మీరు ముందు నిలబడండి. పంపు బాగుంటే దూరంగా వాక్యూమ్ క్లీనర్ నడుస్తున్నట్టు ఒక సన్నని హోరు వినిపిస్తుంది. నిమిషం దాటాక అది టక్కున ఆగుతుంది. ఆ ఆగడం కూడా వినాలి, ఎందుకంటే ఆగినప్పుడే ఇంతసేపూ మోగింది అదేనని తెలుస్తుంది.

హోరుకు బదులు కీచుమని అరుపు వస్తే బేరింగులు అరిగాయని అర్థం. పంపు ఇంకా బతికే ఉంది కానీ ఎక్కువ రోజులు లేదు. అసలు చప్పుడే లేకపోతే విద్యుత్తు వైపు వెళ్లాలి. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి. కూలంట్ ఉష్ణోగ్రత ఒక పరిధిలో ఉంటేనే కంప్యూటర్ ఈ పంపును అంతసేపు నడుపుతుంది. డాలస్ జూలై ఎండలో మధ్యాహ్నం మూడింటికి స్టార్ట్ చేసి, పంపు మోగలేదని దాన్ని విప్పేస్తే అది మీ తప్పే.

చప్పుడు లేకపోతే

ముందు ఫ్యూజు. ఈ పంపు చాలా కరెంటు లాగుతుంది కాబట్టి దాని ఫ్యూజు మామూలు చిన్న ఫ్యూజుల మధ్య కాకుండా బ్యాటరీ దగ్గరుండే పెద్ద ఫ్యూజుల వరుసలో ఉంటుంది. కాలిపోయి ఉంటే కొత్తది వేసి సంతోషపడకండి. అది ఎందుకు కాలిందో పంపును చూస్తే తెలుస్తుంది. తుప్పు పట్టి బిగుసుకుపోయిన పంపు తిరగలేక కరెంటు ఎక్కువ లాగి ఫ్యూజును కాల్చేస్తుంది.

ఫ్యూజు బాగుంటే పంపు కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్ తీగలు దానికి పెట్టి, చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేయండి. 12 వోల్టులకు పైగా చూపిస్తే కారు తన పని తాను చేస్తోంది, పంపే పోయింది. ఏమీ చూపించకపోతే రిలే, గ్రౌండ్ తీగ, ఆ మధ్యలోని వైరింగ్ చూడాలి. అదే రకం రిలే ఇంకొకటి కారులో ఉంటే మార్చి పెట్టి చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష.

పంపుకు నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి చూడాలనుకుంటే లావుపాటి తీగలు వాడండి, మధ్యలో ఫ్యూజు పెట్టండి, కొన్ని క్షణాలు మాత్రమే ఇవ్వండి. ఇంట్లో పడి ఉన్న సన్నని తీగలు అరక్షణంలో కాగుతాయి. నా వేలి మీద ఒక గీత ఆ పాఠానికి గుర్తుగా ఇంకా ఉంది.

చప్పుడు ఉండి కూడా కోడ్ వస్తే

అసలు పని ఇక్కడ ఉంది, ఎక్కువ కార్లు ఆగేదీ ఇక్కడే. పంపు ఊదుతోంది కానీ గాలి ఇంజన్‌కు చేరడం లేదు.

కాంబి వాల్వు దగ్గర ముడతల గొట్టాన్ని ఊడదీయండి. దాని చివర రెండు వైపులా నొక్కే చోట్లుంటాయి. నొక్కి పట్టుకుని లాగాలి, మెలితిప్పకూడదు. ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది. ముందే ఇంటర్నెట్‌లో కొత్త గొట్టం ధర చూసుకుని ఉంటే చేతులు తమంతట తామే మెల్లగా కదులుతాయి. ఊడదీశాక గొట్టం పొడవునా అడుగు వైపు కూడా తడిమి చూడండి. పగుళ్లు కంటికి కనిపించని వైపే ఉంటాయి. ఎలుకలు కొరికిన గొట్టాలు కూడా చూశాను.

పంపు నడుస్తున్నప్పుడు ఆ గొట్టం చివర అరచెయ్యి పెడితే గాలి గట్టిగా తగలాలి. తగలకపోతే పంపు లోపలి రెక్కలు గానీ, గాలి లోపలికి తీసుకునే దారి గానీ చూడాలి. బాగా తగిలితే నేరం వాల్వు వైపుకు మళ్లుతుంది.

ఇప్పుడు రెండు పరీక్షలు. వాల్వు పంపుకు గాలి దారి మాత్రమే కాదు, కాపలా కూడా. ఇంజన్‌కు గాలి వెళ్లాలి, ఇంజన్ నుంచి ఏమీ వెనక్కి రాకూడదు.

మొదటిది మూసుకునే శక్తి. పంపు ఆగిపోయాక, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా, గొట్టం ఊడదీసిన వాల్వు నోటి దగ్గర వేలు కాస్త దూరంగా పెట్టండి. వేడి గాలి పుక్ పుక్ మని తగిలితే, నోటి చుట్టూ మసి పట్టి ఉంటే, వాల్వు మూసుకోవడం లేదు. ఎగ్జాస్ట్ వాయువులో నీటి ఆవిరి చాలా ఉంటుంది. అది ఆ నోటి గుండా గొట్టంలోకి వెళ్లి, చల్లబడి నీళ్లై, పల్లంలో ఉన్న పంపులోకి దిగుతుంది. పంపు తుప్పు పట్టి చచ్చిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

రెండోది తెరుచుకునే శక్తి. వాల్వు మీద సన్నని వాక్యూమ్ ముక్కు ఉంటుంది. దాని గొట్టం తీసి చేతి వాక్యూమ్ పంపు తగిలించి నొక్కండి. 15 నుంచి 20 అంగుళాల పాదరసం దాకా తెచ్చి వదిలేయండి. చేతి పంపు మీటరు ముల్లు ఒక నిమిషం కదలకుండా నిలబడాలి. మెల్లగా జారిపోతే వాల్వు లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, చిరిగింది. ముల్లు నిలబడి ఉండగా ఇంజన్ నడుపుతూ వింటే వాల్వు నోటి నుంచి ఎగ్జాస్ట్ చప్పుడు రావాలి, వాక్యూమ్ వదిలేస్తే ఆ చప్పుడు ఆగాలి. ముల్లు నిలబడినా చప్పుడు మారకపోతే వాల్వు మసితో ఇరుక్కుపోయింది, లేదా దాని వెనక సిలిండర్ హెడ్‌లో గాలి దారి మసితో మూసుకుపోయింది.

వాల్వు రెండింటిలోనూ నెగ్గితే దానికి వాక్యూమే అందడం లేదన్నమాట. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ నుంచి సోలెనాయిడ్ దాకా, అక్కడి నుంచి వాల్వు దాకా సన్నని గొట్టాలను వేలితో తడుముతూ వెళ్లండి. మలుపుల దగ్గర మెత్తబడి, చీలి ఉంటాయి. పాత గొట్టాన్ని అతికించకండి. కొలిచి, కోసి, కొత్తది వేయండి. మధ్యలో ఉండే చిన్న ఒకవైపు వాల్వును తిరగేసి పెట్టవద్దు. తీసే ముందు ఫోనులో ఫోటో తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. సోలెనాయిడ్‌కు మల్టీమీటర్ పెడితే సుమారు 30 ఓమ్‌లు చూపించాలి. అనంతం చూపిస్తే లోపలి చుట్ట తెగింది.

ఒక విద్యార్థి కారు నా దగ్గరికి వచ్చేనాటికి, పంపు మార్చి ఎనిమిది నెలలు అయింది. మళ్లీ అదే కోడ్, మళ్లీ పంపు మార్చాలన్న అదే మాట. పంపు విప్పి వంచితే చెంబుతో ఒంపినట్టు తుప్పు నీళ్లు వచ్చాయి. వాల్వు మాత్రం కారుతో పాటు పుట్టినదే, దాన్ని ఎవరూ ముట్టుకోనేలేదు. ఆ పిల్లవాడు రెండు పంపుల డబ్బు పెట్టాక, చివరికి వాల్వు కొన్నాం.

కాబట్టి పంపులో నీళ్లు కనిపిస్తే వాల్వు కూడా మార్చండి. ఈ ఒక్క విషయంలో నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

వాల్వు మార్చడం

ముందు రోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే నూనె వేయండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే విప్పండి. అల్యూమినియంలో బిగుసుకున్న చిన్న ఇనుప బోల్టు తల తెగితే అరగంట పని ఆదివారం మొత్తాన్ని మింగుతుంది. తిరగకపోతే బలం పెంచకండి, కొంచెం బిగించి కొంచెం వదిలించి, ముందుకూ వెనక్కూ ఆడించండి.

వాల్వు బయటికి వచ్చాక హెడ్ మీద పాత ప్యాకింగ్ మిగలకుండా ప్లాస్టిక్ గీకుడు ముక్కతో గీకండి. ఇనుప కత్తి అల్యూమినియం మీద గీతలు పెడుతుంది. లోపల దారిలో మసి పేరుకుంటే మెత్తని బ్రష్‌తో తీసి, వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి. కొన్ని వి ఆకారపు పెద్ద ఇంజన్లలో ఈ దారులు గట్టిగా మూసుకుపోతాయి. అక్కడ పీ0491, పీ0492 కోడ్లు చూపిస్తాయి, ఆ పని ఇంటి దగ్గర చేసేది కాదు.

పాత వాల్వునే కడిగి పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. మసితో ఇరుక్కుని, డయాఫ్రమ్ మాత్రం వాక్యూమ్ నిలబెడుతుంటే కడగవచ్చు. కార్బురేటర్ క్లీనర్‌ను ఇంజన్ వైపు నోటిలోనే కొట్టాలి, డయాఫ్రమ్ వైపుకు పోతే రబ్బరు ఉబ్బుతుంది. ఇలా కడిగిన వాల్వు కొంతకాలం నడుస్తుంది. లోపల కూర్చునే అంచు తుప్పు తిని ఉంటే మాత్రం ఎంత కడిగినా దండగ.

కొత్త ప్యాకింగ్ పెట్టి, బోల్టులు రెండూ ముందు చేత్తో తిప్పి, తర్వాత మార్చి మార్చి బిగించండి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. పొడవు పానాతో ఒక్క ఊపు ఊపితే అది ఎప్పుడో దాటిపోతుంది.

పంపు మార్చవలసి వస్తే

బ్యాటరీ నెగటివ్ తీగ తీసి మొదలుపెట్టండి. పంపు రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. అవి చిట్లి ఉంటే మార్చండి, లేకపోతే పొద్దున్నే పంపు మోత కారంతా మార్మోగుతుంది. కనెక్టర్ లోపల పచ్చటి చిలుము ఉంటే శుభ్రం చేయండి. పాత ముడతల గొట్టాన్ని వేలాడదీసి లోపలి నీళ్లు పూర్తిగా కారనివ్వండి. తడి గొట్టాన్ని కొత్త పంపుకు తగిలిస్తే పాత కథ మళ్లీ మొదలవుతుంది. గొట్టం చివరి రబ్బరు వలయం కూడా ఒకసారి చూసి, గట్టిపడి ఉంటే కొత్తది వేయండి.

ఈ బాధంతా ఎందుకు, వాల్వు చోట ఒక రేకు ముక్క బిగించి, కంప్యూటర్‌లో ఈ కోడ్ రాకుండా చేయించుకోవచ్చు కదా అనే సలహా మీకు తప్పకుండా వస్తుంది. అమెరికాలో ఉద్గార నియంత్రణ భాగాలను పని చేయకుండా చేయడం క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం. కారు అమ్మే రోజున ఆ రేకు ముక్క కొనేవాడి కంటపడితే బేరం అక్కడే చెడుతుంది.

పని అయిందని ఎలా తెలుస్తుంది

ఇప్పుడు కోడ్ చెరపండి. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లకు పనికొచ్చే వీసీడీఎస్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్ ఉంటే, దాని బేసిక్ సెట్టింగ్స్‌లో 077 గ్రూపు తెరిచి ఈ వ్యవస్థను అప్పటికప్పుడే పరీక్షించవచ్చు. అది లేకపోతే మామూలు స్కానర్‌లో ముందు వైపు ఆక్సిజన్ సెన్సర్ విలువ చూస్తూ చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేయండి. సెన్సర్ కాగి పని మొదలుపెట్టాక కూడా పంపు ఇంకా నడుస్తుంటే, గాలి ఎక్కువైందన్న సూచన, అంటే లీన్ అని కనిపించాలి. పంపు ఆగగానే అది మామూలు స్థితికి రావాలి. కంప్యూటర్ కూడా చూసేది ఇదే. గాలిని కొలవడానికి దానికి వేరే సాధనం లేదు, ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన మాటే సాక్ష్యం.

కోడ్ చెరిపిన వెంటనే పరీక్షకు పరుగెత్తకండి. చెరిపినప్పుడు కారు తనను తాను పరీక్షించుకున్న ఫలితాలన్నీ పోతాయి. ఆ స్వీయ పరీక్షలనే మానిటర్లు అంటారు. 2001, ఆ తర్వాతి కార్లకు ఒక్క మానిటర్ మాత్రమే అసంపూర్తిగా ఉండవచ్చు, అంతకు మించితే పరీక్ష కేంద్రం వెనక్కి పంపుతుంది. సెకండరీ ఎయిర్ మానిటర్‌కు చల్లటి స్టార్ట్ కావాలి కాబట్టి, ఒకే రోజు పదిసార్లు స్టార్ట్ చేసినా లాభం లేదు. మూడు నాలుగు రోజులు మామూలుగా నడపండి. పొద్దున్నే స్టార్ట్ చేయడం, కొంత ఊరి రోడ్డు, కొంత హైవే. స్కానర్‌లో మానిటర్లు పూర్తయ్యాయని చూసుకున్నాకే బయలుదేరండి.

ఆ మూడు నాలుగు రోజులూ పొద్దున్న రేడియో పెట్టకండి. స్టార్ట్ చేసి, కదలకుండా నిమిషంన్నర కూర్చుని, హోరు మొదలవడం, ఆగడం వినండి.